కారు షీషా మీద మన ఊపిరి

మా బాజీ ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటినా పోలేదు. ఎవరైనా అడిగితే "గుల్బర్గా నుంచి వస్తుంటే కారు గుద్దుకుంది" అంటుంది. ఇంకా అడిగితే, "డ్రైవర్‌కు చూపు సరిగ్గా ఆనేది కాదు" అంటుంది. చాలా ఏళ్లు నేనూ అదే చెప్పాను. మా ఖాందాన్‌లో ఆ హాదసా గురించి చెప్పుకునే కిస్సా అదొక్కటే.

1991 జూలై. నాకు పన్నెండేళ్లు. ఖాజా బందానవాజ్ దర్గాలో జియారత్ చేసుకొని అద్దె అంబాసిడర్‌లో హైదరాబాద్‌కు వస్తున్నాం. ముందు సీట్లో డ్రైవర్ చాచా, అబ్బా, మధ్యలో నేను. వెనక దాదిమా, అమ్మీ, ఖాలా, బాజీ, వాళ్ల ఒళ్లో తమ్ముడూ చెల్లీ. మొత్తం తొమ్మిది మందిమి. హుమ్నాబాద్‌లో చాయ్‌కి దిగినప్పుడు బారిష్ అందుకుంది. పరుగెత్తి కారెక్కేసరికి అమ్మీ వాళ్ల బుర్ఖాలు తడిసి ముద్దయ్యాయి. షీషాలన్నీ ఎత్తేసుకున్నాం.

జహీరాబాద్ చేరక ముందే సామ్‌నే కా షీషా తెల్లబడింది. చాచా ఎడమ చేత్తో దస్తీ పట్టుకుని తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోట రెండు నిమిషాలు కనిపించేది, మళ్లీ మసక. "సాబ్, థోడా షీషా ఉతారూఁ క్యా? కుచ్ దిఖ్ నై రా" అన్నాడు అబ్బాతో. వెనక నుంచి దాదిమా, "నక్కో బేటా, బచ్చోఁ కో హవా లగ్తీ" అంది. అబ్బా కూడా "రహ్నే దో, ధీరే చలావ్" అన్నాడు. చాచా ధీరేగానే నడిపాడు. ఎదురుగా ఒక లారీ లైట్లు పడ్డాయి. షీషా అంతా ఒక్కసారి తెల్లటి చాదర్ అయిపోయింది. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ ఆయనకు కనిపించలేదు. బండి ఎడమ వైపు దానికి తగిలింది. బాజీ తల కిటికీకి కొట్టుకుంది. అల్లా కా షుకర్, అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు బండి ఓనర్ వచ్చి అడిగితే అబ్బా అన్న మాట నాకు గుర్తుంది. "ఉస్‌కీ నజర్ కమ్‌జోర్ హై." ఆ మాటతో చాచా చేతిలోంచి ఆ బండి పోయింది.

కారు లోపలి అద్దాలకు ఆవిరి ఎందుకు పడుతుంది, దాన్ని ఆపడానికి మనుషులు ఏమేం చేశారు అని ఈ మధ్య ఒక వ్యాసం కోసం చదువుతూ పోయాను. చదివిన కొద్దీ ఆ రాత్రి గురించి మేము చెప్పుకున్న కిస్సా తప్పని అర్థమైంది. అందుకే ఈ తారీఖ్ మీకు చెప్పాలనుకున్నాను.

తక్సీఫ్, నుక్తా-ఎ-షబ్నం

మా ఉర్దూ మీడియం బడిలో సైన్స్ ఉస్తాద్ బోర్డు మీద రెండు లఫ్జులు రాశారు. "తబ్ఖీర్" అంటే నీళ్లు ఆవిరి కావడం. "తక్సీఫ్" అంటే ఆవిరి మళ్లీ నీళ్లు కావడం. తర్వాత తెలుగులోకి వచ్చాక ఈ రెండో దాన్ని సాంద్రీకరణం అంటారని తెలిసింది. ఉర్దూలో సైన్సు చెప్పడానికి వేల మాటలు తయారైంది మన హైదరాబాద్‌లోనే. ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో పెట్టిన దారుల్ తర్జుమాలో కూర్చుని ఆలిములు ఆ పని చేశారు. ఆ జబాన్‌లో నాకు అన్నింటికన్నా నచ్చిన మాట "నుక్తా-ఎ-షబ్నం". షబ్నం అంటే తెల్లవారుజామున గడ్డి మీద పడే మంచు బిందువులు. గాలి చల్లబడుతూ చల్లబడుతూ ఏ డిగ్రీ దగ్గర తనలోని ఆవిరిని పట్టుకోలేక వదిలేస్తుందో ఆ డిగ్రీ నుక్తా-ఎ-షబ్నం. తెలుగు పుస్తకాల్లో తుషార స్థానం.

ఈ నుక్తాను మొదటిసారి కొలిచిన వాళ్లలో ఒకరు ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరపు హకీమ్ షార్ల్ లె ర్వా. 1751 నాటి సంగతి. ఆయన చేసిన పని రమ్‌జాన్‌లో మన ఇంట్లో రోజూ జరిగేదే. గ్లాసులో నీళ్లు పోసి కొద్దికొద్దిగా చల్లబరుస్తూ పోయాడు. గ్లాసు బయటి వైపు ఎప్పుడు చెమర్చిందో అప్పుడు నీళ్లెంత చల్లగా ఉన్నాయో చూసి రాసుకున్నాడు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద షర్బత్ గ్లాసు చుట్టూ నీటి చుక్కలు జారుతుంటాయి కదా, అదే. లోపలి షర్బత్ కారి వచ్చింది కాదు, గదిలోని హవా వదిలేసిన నీళ్లు అవి. 1814లో లండన్ డాక్టర్ విలియం చార్లెస్ వెల్స్ మంచు మీద ఏకంగా ఒక పుస్తకం రాసి, షబ్నం ఆస్మాన్ నుంచి రాలదనీ, రాత్రి వేడి కోల్పోయి చల్లబడిన గడ్డి మీద అక్కడి గాలిలోని ఆవిరే చేరుతుందనీ విడమరచి చెప్పాడు.

అత్తర్ కాచేవాళ్లకు ఈ ఇల్మ్ పుస్తకాలు రాకముందు నుంచే తెలుసు. దేగ్‌లో పూలు ఉడికించి, ఆ భాప్‌ను నీళ్లలో చల్లబరిచిన భప్కాలోకి పంపి ఖుష్బూ పట్టుకుంటారు. అక్కడ తక్సీఫ్ మనకు కావాలి. కారు షీషా మీద వద్దు. తేడా అంతే.

ఇక షీషా మీద పడిన ఆవిరి ఎందుకు తెల్లగా కనిపిస్తుంది? నీళ్లు పారదర్శకమే కదా? ఆవిరి అద్దం మీద ఒక పొరలా పరుచుకుంటే మనకు అడ్డమే కాదు. అది లక్షల చిన్న బుడిపెలుగా నిలుస్తుంది. ప్రతి బుడిపె వెలుగును ఒక్కో దిక్కుకు చెదరగొడుతుంది. ఎదురు బండి లైటు పడగానే షీషా అంతా తెల్లబడటానికి కారణం ఇదే. 1911లో లార్డ్ రేలీ అనే ఇంగ్లీషు సైన్సుదాన్ ఒక గాజు పలక మీద సన్నని మంటను గీతలా పోనిచ్చి, చల్లారాక దాని మీద ఊపిరి ఊదాడు. మంట తగిలి శుభ్రమైన చోట తేమ పొరలా పరుచుకుని అద్దం స్పష్టంగానే ఉంది. మిగతా చోట్ల మసకబారింది. షీషా ఎంత మైలాగా ఉంటే మసక అంత దట్టంగా పడుతుందన్న మాట.

గుడ్డ పర్దా, గాజు పర్దా

మా దాదిమా పెళ్లినాటికి హైదరాబాద్‌లో పర్దా కట్టిన టాంగాలు, రిక్షాలు తిరిగేవి. చుట్టూ గుడ్డ కట్టి ఉన్నా లోపల ఆవిరి పట్టడమనే మాట లేదు. గుడ్డలోంచి హవా వస్తుంది, పోతుంది. మొదట్లో మోటారు కార్లకు కూడా ఈ ముసీబత్ లేదు. అవి పైన తెరిచి ఉన్న బళ్లు. ముందొక అద్దం ఉంటే ఉండేది, లోపల అంటూ ఏమీ లేదు. అందుకే తొలి ఫికర్ అంతా అద్దం బయటి వైపు గురించే.

అమెరికాలోని అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ ఒక చలికాలం న్యూయార్క్ వెళ్లింది. మంచు కురుస్తుంటే ట్రాం నడిపేవాడు ముందు అద్దం తెరిచి, మొహం మీద మంచు పడుతున్నా అలాగే నడుపుతున్నాడు. లోపల్నుంచి చేత్తో తిప్పితే బయట తుడిచే ఒక సాధనం ఆమె తయారు చేయించింది. 1903 నవంబర్ 10న పేటెంటు వచ్చింది. దానితో ఆమెకు పైసా రాలేదు గాని, ఈ రోజు ప్రతి కారుకూ ఉన్న వైపర్ కథ అక్కడి నుంచే చెబుతారు.

1920ల్లో అమెరికాలో కార్ల రూపం మారింది. పైకప్పు, నాలుగు వైపులా గాజు ఉన్న మూసిన కార్ల ధరలు తగ్గాయి. పదేళ్లలో తెరిచిన కార్లు వెనకబడ్డాయి. వానా, దుమ్మూ, చలీ బయటే ఆగిపోయాయి. వాటితోపాటు హవా కూడా. మనిషి ఊపిరిలోంచి, ఒంట్లోంచి వచ్చే నమీకి బయటికి దారి లేకపోయింది. అది అతి చల్లని చోటును వెతుక్కుంటుంది. కారులో ఆ చోటు షీషాయే.

వేడి చేస్తే చాలదు

మొదటి ఇలాజ్‌గా అందరికీ తట్టింది వేడి. ఇంజిన్‌ను చల్లబరిచి వచ్చే వేడి నీళ్లను డ్యాష్‌బోర్డు కింద చిన్న రేడియేటర్‌లోకి తిప్పి, ఫ్యానుతో ఊదే హీటర్లు 1930ల్లో మామూలయ్యాయి. కాళ్లు వెచ్చబడ్డాయి. కాని ఆ హీటర్లలో చాలావరకు కారు లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పేవి. వెచ్చటి గాలి ఎక్కువ ఆవిరి మోస్తుంది. అంత ఆవిరి మోసుకుంటూ వెళ్లి చల్లటి కిటికీలకు తగిలేది. మనుషులకు ఆరామ్, షీషాలకు మసక.

ఈ గలతీని సరిచేసింది నాష్ కంపెనీ. 1938 మోడల్ కార్లలో వాళ్లు బయటి తాజా హవాను లోపలికి తీసుకుని, వడగట్టి, వేడిచేసి వదిలే ఏర్పాటు పెట్టారు. మరుసటి ఏడాది దానికి థర్మోస్టాట్ చేర్చి "వెదర్ ఐ" అని పేరు పెట్టారు. చలి దేశాల్లో బయటి గాలి ఎంత తడిగా అనిపించినా, అందులో ఉండే ఆవిరి తక్కువ. సున్నా డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగేది 5 గ్రాములు కూడా కాదు. దాన్నే 20 డిగ్రీలకు వేడి చేస్తే 17 గ్రాముల దాకా మోస్తుంది. అంటే బయటి నుంచి తెచ్చి వేడి చేసిన గాలి దాహంతో ఉన్న గాలి. షీషా మీద తేమను అది తాగేస్తుంది. ఆ హవాను నేరుగా ముందు అద్దం అడుగున సన్నని సందుల్లోంచి వదలడం మొదలైంది. ఇప్పుడు మన కార్లలో డ్యాష్‌బోర్డు చివర, షీషా కింద కనిపించే సందులు అవే.

ఇదే కిటుకు ఇరవై ఏళ్ల ముందే జంగ్‌లో పనికొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి కాపాడే మాస్కులు వేసుకున్న సిపాయిలకు కళ్ల ముందు గాజు ఆవిరి పట్టి కనిపించేది కాదు. ఫ్రాన్స్ తయారు చేసిన టిసో మాస్కులో, లోపలికి పీల్చే పొడి గాలి ముందుగా కంటి గాజుల మీదుగా పోయేలా దారి మళ్లించారు. పీల్చిన ప్రతిసారీ గాజు శుభ్రమయ్యేది. కారు డీఫాగర్ చేసేదీ ఆ పనే.

సబ్బు నుస్ఖా

రెండో ఇలాజ్ మన వంటింట్లోదే. నీటి బుడిపెల్ని పోగొట్టలేకపోతే, వాటిని పొరగా పరిచేయాలి. సబ్బు నీళ్ల బిగువును తగ్గిస్తుంది గనుక చుక్కలు గుండ్రంగా నిలవలేక పరుచుకుపోతాయి. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు బ్రిటన్‌లో మామూలు జనానికి గ్యాస్ మాస్కులు పంచి, వాటి కిటికీ లోపలి వైపు తడి వేలితో కాస్త సబ్బు రుద్దుకోమని చెప్పారు. ఫౌజీల సంచుల్లో ఇదే పనికి చిన్న డబ్బీలో లేపనం ఉండేది. కారు నడిపేవాళ్లు కోసిన ఆలుగడ్డ ముక్కను కూడా షీషా మీద రుద్దేవాళ్లు. మా వైపు లారీ డ్రైవర్లు ఇప్పటికీ ముందు అద్దానికి బయటి వైపు పొగాకు రుద్దుతారు. అది వాన నీళ్ల కోసం.

ఈ సబ్బు నుస్ఖా విలువ ఎంతో ఆస్మాన్‌లో తెలిసింది. 1966 జూన్ 5న జెమినై 9ఎ నుంచి యూజీన్ సెర్నన్ అంతరిక్షంలోకి అడుగుపెట్టాడు. బరువు లేని చోట పట్టు దొరక్క ప్రతి పనికీ తంటాలు పడ్డాడు. గుండె వేగం పెరిగింది, చెమట పట్టింది. సూటులో తిరిగే ఆక్సిజన్ అంత తేమను తీసుకుపోలేకపోయింది. హెల్మెట్ ముందున్న షీషా లోపలి వైపు ఆవిరి పట్టేసింది. తుడుచుకుందామంటే చెయ్యి లోపలికి పోదు. ముక్కుతో రుద్ది చిన్న కంత చేసుకుని చూశాడు. పెట్టుకున్న పనులన్నీ పూర్తికాకుండానే రెండు గంటల తర్వాత లోపలికి తిరిగొచ్చాడు. ఆ తర్వాతి యాత్రల్లో హెల్మెట్ షీషాకు లోపలి వైపు పూసుకోవడానికి ఆవిరి పట్టనివ్వని ద్రావకం ఇచ్చారు. నాసా తయారు చేయించిన ఆ ద్రావకంలో ఉన్నది ముఖ్యంగా డిటర్జెంటు, శుద్ధమైన నీళ్లు, నిప్పంటుకోని ఒక నూనె. గ్యాస్ మాస్కుకు రుద్దిన సబ్బుకు దూరపు చుట్టం అన్నమాట.

ఈ కిస్సాలో నాకు పట్టుకున్న మాట వేరే. సెర్నన్ నజర్ కమ్‌జోర్ అని ఎవరూ అనలేదు. లోపల తయారైన నమీకి బయటికి దారి లేదని అర్థం చేసుకున్నారు.

రావడానికి దారి, పోవడానికి దారి

తాజా హవా తీసుకోవడం నాష్ నేర్పింది. కాని అది లోపలికి రావాలంటే, లోపలి గాలి ఎటో పోవాలి. కిటికీలన్నీ బిగించిన కారు మూత పెట్టిన సీసా లాంటిది, ఎంత ఊదినా కొత్త గాలి ఎక్కదు. 1964 చివర్లో ఇంగ్లండ్‌లో ఫోర్డ్ తన కార్టినా కారును మార్చి తెచ్చినప్పుడు దీనికి జవాబు దొరికింది. డ్యాష్‌బోర్డు చివరల నుంచి హవా లోపలికి వస్తుంది, వెనక కిటికీ పక్కన ఉన్న జాలీల్లోంచి బయటికి పోతుంది. దానికి ఏరోఫ్లో అని పేరు. షీషా దించకుండానే కారు ఊపిరి పీల్చి వదలడం నేర్చుకుంది. ఆ తర్వాత వచ్చిన కార్లన్నీ ఏదో ఒక రూపంలో ఇదే ఇంతెజాం పెట్టుకున్నాయి. ఇప్పటి కార్లలో పోయే దారి డిక్కీ పక్కన, బంపర్ వెనక దాగి ఉంటుంది. కనబడదు కాబట్టి మనం దాని గురించి ఆలోచించం.

1968 జనవరి 1 నుంచి అమెరికాలో ఇది కానూన్ కూడా అయింది. అక్కడి వాహన భద్రతా ప్రమాణాల్లో 103వ నంబరు ప్రకారం ప్రతి కారులో ముందు అద్దం మసకను పోగొట్టే ఏర్పాటు ఉండి తీరాలి. వెనక అద్దానికి హవా సరిగ్గా అందదు గనుక, గాజు మీదే వెండి కలిపిన సన్నని గీతలు కాల్చి అంటించి, వాటిలో కరెంటు పంపి వేడెక్కించే పద్ధతి వచ్చింది. వెనక షీషా మీద కనిపించే అడ్డ గీతలు అలంకారం అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

ఇక ఏసీ. 1940 మోడల్ ప్యాకార్డ్ కారులో మొదటిసారి ఫ్యాక్టరీలోనే బిగించిన ఏసీ ఇచ్చారు. యంత్రం డిక్కీని ఆక్రమించేది. 1954లో నాష్ వాళ్లే వేడినీ చల్లదనాన్నీ ఒకే పెట్టెలో పెట్టి ముందుకు తెచ్చారు. చల్లదనం కోసం వచ్చిన ఏసీ షీషాకు అసలైన దోస్త్ అని మెల్లగా తెలిసింది. దాని లోపలి చల్లటి గొట్టాలకు తగిలి గాలిలోని ఆవిరి అక్కడే నీళ్లయిపోతుంది. ఆగి ఉన్న కారు కింద చుక్కచుక్కగా కారేవి ఆ నీళ్లే. షీషా మీద జరగాల్సిన తక్సీఫ్‌ను ఏసీ తన లోపల జరిపించుకుంటుంది. అందుకే చాలా కార్లలో ముందు అద్దం బొమ్మ ఉన్న బటన్ నొక్కగానే చలికాలంలో కూడా ఏసీ దానంతట అదే ఆన్ అవుతుంది.

ఆ రాత్రి హిసాబ్

మన అంబాసిడర్ 1957లో మొదలై 2014 దాకా తయారైంది. పుట్టుక ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అది ఏరోఫ్లో రాకముందు నాటి ఆలోచన. అందులో హవాకు ఇంతెజాం ఏమిటంటే ముందు తలుపులకు ఉన్న చిన్న త్రికోణం షీషా. దాన్ని తిప్పితే పెద్ద కిటికీ దించకుండానే గాలి ఆడుతుంది. మా వైపు బళ్లలో హీటర్ ఉన్నది చూసిన గుర్తు లేదు, ఏసీ మాట సరేసరి.

ఇప్పుడు హిసాబ్ చూడండి. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి, ఒంటి ద్వారా గంటకు సుమారు 30 నుంచి 40 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. తొమ్మిది మందిలో పిల్లల్ని తక్కువ లెక్కేసుకున్నా పావు కిలో. తడిసిన బుర్ఖాలు, చెప్పులు, గొడుగు అదనం. కారు లోపల సుమారు మూడు ఘనపు మీటర్ల హవా ఉంటుందనుకుందాం. 25 డిగ్రీల దగ్గర అది మోయగలిగే ఆవిరి మొత్తం 70 గ్రాములు. వాన రోజు గనుక అందులో ముప్పావు వంతు పైనే ముందుగా నిండి ఉంది. మిగిలిన జాగా 15 గ్రాములు. మేము నిమిషానికి 4 గ్రాములు వదులుతున్నాం. నాలుగు నిమిషాల్లో నిండిపోతుంది. పాత బండి సందుల్లోంచి కొంత పోయిందనుకున్నా ఇంకో పది నిమిషాలు. బయట వాన నీళ్లు షీషాను చల్లబరుస్తూనే ఉన్నాయి. ఇక ఆ ఆవిరి పోయే చోటేది?

చాచా కళ్లకు అడ్డం పడింది మా ఊపిరే. ఇల్మ్ లేకపోయినా ఆయనకు ఇలాజ్ తెలుసు. ఆ త్రికోణం షీషా తిప్పినా, కిటికీ రెండు వేళ్లు దించినా చాలు. అడిగాడు కూడా. మేమే వద్దన్నాం.

మనం ఏం చేయాలి

ఈ రోజుల్లో మన ఇళ్లలో కార్లు పెరిగాయి. ఈద్‌కు, షాదీలకు, ఉర్సులకు ఒక్కో బండిలో ఏడెనిమిది మంది ఎక్కడం మాత్రం మారలేదు. బారిష్‌లో, డిసెంబర్ ఫజర్ వేళల్లో ప్రయాణం చేసేవాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి.

లోపల మసక పట్టిందంటే ఏసీ వేసి, ముందు అద్దం బొమ్మ ఉన్న బటన్ నొక్కండి. చలిగా అనిపిస్తే వేడి పెంచుకోవచ్చు, ఏసీ మాత్రం ఆపకండి. లోపలి గాలినే తిప్పే బటన్ ఒకటుంటుంది, కారు బొమ్మలో గుండ్రంగా తిరిగిన బాణంతో. దుమ్ము రోడ్డు మీద దాన్ని నొక్కి మర్చిపోతాం. అది ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఏసీ ఆపేసి ఆ బటన్ ఆన్‌లో ఉంచితే, ఏసీ గొట్టాల మీది తడి మళ్లీ ఆవిరై క్షణాల్లో షీషాను కప్పేస్తుంది. ఏసీ లేని బండి అయితే ఎదురెదురు వైపుల రెండు షీషాలు రెండు వేళ్లంత దించండి, ఒకటి హవా రావడానికి, ఇంకొకటి పోవడానికి.

మన ఉమస రాత్రుల్లో ఇంకో తమాషా ఉంది. ఏసీ బాగా చల్లగా పెట్టి నడుపుతుంటే మసక షీషా బయటి వైపు పడుతుంది, షర్బత్ గ్లాసు లాగే. అప్పుడు లోపల ఎంత తుడిచినా పోదు. వైపర్ వేయండి, చల్లదనం తగ్గించండి.

షీషా లోపలి వైపు వారానికోసారి శుభ్రంగా తుడవండి. తడిసిన మ్యాట్లు, గొడుగులు కారులో వదిలేయకండి. నడుపుతూ దస్తీతో తుడవడం ఆపండి. వేళ్ల జిడ్డు అంటుకుని గీతలు పడతాయి, ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఉండదు. కనిపించకపోతే బండి పక్కకు ఆపండి. అన్నింటికంటే ముందు, షీషా దించుతానని నడిపేవాళ్లు అడిగితే దించనివ్వండి.

చాచా ఇంతెకాల్ అయి చాలా ఏళ్లయింది. ఆ బండి పోయాక ఆయన సామాన్ల ఆటో నడిపాడని తర్వాత తెలిసింది. ఆయన కళ్లకు అద్దాలు లేవు, ఆఖరి దాకా లేవట.

పోయిన నెల ఈ హిసాబ్ అంతా కాగితం మీద రాసి అబ్బాకు చూపించాను. ఆయనకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. గ్రాములూ డిగ్రీలూ ఒక్కొక్కటే వేలు పెట్టి చదివాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం మడిచి నా చేతికిస్తూ అన్నాడు.

"ఉస్‌నే పూఛా థా."